కుంచె గొప్పదా? కత్తెర గొప్పదా?

సంఘ సంచికలలో క్షేత్రమాహాత్మ్యములను, కవుల జీవితములను, వలసవచ్చిన పూర్వుల చరిత్రలను చదువుటకు అలవాటుపడిన పాఠకమహాశయులకు ఈ వ్యాసవిషయము కొంత వింతగా తోచవచ్చును. రెండు ప్రపంచయుద్ధముల నడుమ, అనగా 1918 మొదలు 1939 వరకు, పారిస్ నగరమున స్త్రీల దుస్తులును లోదుస్తులును పొందిన మార్పును గూర్చియు, ఆ మార్పునకు కారణమైన కళను గూర్చియు వ్రాయబూనితిని. మిల్లు ఆఫీసున జీతముల పద్దులు వ్రాసి విశ్రాంతి పొందిన మెట్రిక్యులేటు గుమాస్తాకు ఈ పెత్తనమేల యని కొందరు నవ్వవచ్చును. నవ్వినను సరే. తెలంగాణము నుండి మగ్గములతో ఈ షోలాపురమునకు వచ్చి స్థిరపడిన పద్మశాలీ కుటుంబములు మన సంఘమునకు వెన్నెముక. పడుగుపేకల నడుమ పుట్టి పెరిగిన మనకు బట్టను గూర్చి మాటలాడు అర్హత లేకున్న మరెవ్వరికి కలదు?

ఈ విషయమున లోకమున రెండభిప్రాయములు ప్రబలియున్నవి. రెండును తప్పని నా వాదము. ఆ కాలపు దుస్తులు సిగ్గుమాలిన వేషములనియు, అందును లోదుస్తుల ప్రసంగము పెద్దమనుష్యులు చేయదగినది కాదనియు మొదటివారి మాట. రెండవవారు విద్యావంతులు. వారేమందురు? క్యూబిజము, ఫ్యూచరిజము, సర్రియలిజము మొదలగు చిత్రకళోద్యమములు బట్టపై వ్రాలుటచేతనే దర్జీపని కళయైనదనియు, ఆ దుస్తుల అందమంతయు చిత్రకారుల చలువయనియు అందురు. మొదటి మాట స్త్రీకి అవమానము. రెండవ మాట పనిచేసిన చేతికి అవమానము. ఇది మెప్పు వేషమున వచ్చుచున్నది గనుక మరింత ప్రమాదకరము.

మొదటివారికి ముందుగా సమాధానము చెప్పెదను. ఉతికిన లోపావడలను చీర చాటున ఆరవేయుట మన ఇండ్లలో మర్యాద. దానిని నేను కాదనను. కాని ఆ చాటును చరిత్రకు కూడ కట్టినచో స్త్రీల చరిత్రలో సగము చీకటిపాలగును. యూరపున పైదుస్తు ఆకారమును నిర్ణయించినది లోదుస్తే. తరతరములుగా అచటి స్త్రీలు కార్సెట్టు అను బిగింపు కవచమును తొడిగిరి. తిమింగలము నోటి ఈనెలతోను, ఉక్కు పట్టీలతోను గట్టిపరచి, వెనుక త్రాళ్లతో బిగించి, నడుమును సన్నముగా కనబరచుట దాని పని. నిండుగా ఊపిరి పీల్చుటకును, వంగి పనిచేయుటకును అది అడ్డము. లండను నగరమున 1881లో ఇట్టి దుస్తులను ఎదిరించుటకు ఒక సంఘమే పుట్టినది. కావున లోదుస్తుల చరిత్ర యనగా స్త్రీ ఊపిరి చరిత్ర. ఊపిరిని గూర్చి మాటలాడుట అసభ్యమా?

కార్సెట్టు స్థానమున వచ్చిన చిన్న వస్తువు చరిత్రను చూడుడు. న్యూయార్కునకు చెందిన మేరీ ఫెల్ప్స్ జేకబ్ అను యువతి ఒక విందునకు పోవుచు, కార్సెట్టును విసుగుకొని, రెండు పట్టుచేతిరుమాళ్లను రిబ్బనుతో జతపరచి రొమ్మునకు ఆధారముగా ధరించెనట. 1914 నవంబరు 3వ తేదీన ఆమెకు దానిపై పేటెంటు లభించెను. తరువాత ఆ హక్కును ఒక కార్సెట్టు కంపెనీకి 1500 డాలర్లకు అమ్మివేసెను. ఆ రుమాళ్లను కుట్టుటలో తోడ్పడినది ఆమె ఇంటి పరిచారిక. పేటెంటుపై దొరసాని పేరు మాత్రమే కలదు. మన సామెత ఉండనే యున్నది: సొమ్మొకడిది, సోకొకడిది. ఈ వ్యాసమంతటికి ఆ సామెతయే సారము.

అట్లని 1920 తరువాత స్త్రీ పూర్తిగా చెరవిడిపోయినదని నేననను. ఆ దశకమున మగపిల్లవాని వంటి చదునైన ఆకారము వాడుకలోనికి వచ్చుటచే రొమ్మును అణచు పట్టీలను ధరింపసాగిరి. తుంటిని బిగించు రబ్బరు పట్టీలు వచ్చెను. బిగింపు ఒకచోట సడలి మరొకచోట చేరినది. న్యూయార్కులో ఈడా రోజెంతాల్, ఎనిడ్ బిస్సెట్ అను ఇరువురు బట్టలదుకాణపు స్త్రీలు 1920 దశకారంభమున ఈ అణచుటను కాదని, రొమ్ము ఆకారము ననుసరించు బాడీలను తమ గౌనుల లోపల కుట్టి యిచ్చిరి. మెయిడెన్‌ఫారమ్ అను కంపెనీ అందుండియే పుట్టినది. ఈడా సూదితో పొట్టపోసికొనిన వలస స్త్రీ. ఇచట ఏ చిత్రకారుని కుంచెయు కానరాదు.

ఇక రెండవవారి వాదము. చిత్రకారులకు ఈయవలసినది ఈయక తప్పదు. 1910లో పారిస్‌లో ప్రదర్శితమైన రష్యా నృత్యనాటకము 'షెహరజాద్'కు లియోన్ బాక్స్ట్ గీసిన వేషములు నగరమునంతటిని రంగులలో ముంచినవి. 1922లో ఈజిప్టున టుటన్‌ఖామెన్ సమాధి బయల్పడగా తామరలును, రెక్కల పురుగులును పూసలపనిగా గౌనులపై వెలసెను. రావుల్ డ్యుఫీ అను చిత్రకారుడు 1912 మొదలు 1928 వరకు ల్యోను నగరపు బియాంకినీ ఫెరియే పట్టు కంపెనీకి నమూనాలు గీసి యిచ్చెను. సోనియా డెలానే 1925లో పారిస్‌లో జరిగిన అలంకారకళల మహాప్రదర్శనమున సేన్ నదీవంతెనపై తన రంగుల వలయముల బట్టలకు అంగడి తెరచెను. మాస్కోలో స్టెపనోవా, పొపోవా యను చిత్రకారిణులు 1923-24లలో అద్దకపు మిల్లున చేరి శ్రామికులకై నమూనాలు గీసిరి. ఈ కడపటి ఇరువురికి నేను చేతులెత్తి నమస్కరించెదను. వారు మిల్లులోపలికి పోయి పనిచేసిన వారు.

అయినను వీరిలో పెక్కురు చేసినది బట్ట పైపొరను అలంకరించుట. 1937లో ఎల్సా స్కియాపరెల్లీ అను దుస్తుల నిర్మాత్రి తెల్లని గౌనుపై సాల్వడార్ డాలీ ఒక పెద్ద ఎర్ర సముద్రపురొయ్యను గీసెను. విండ్సరు డ్యూకును వివాహమాడబోవు వాలిస్ సింప్సన్ దానిని ధరించి ఫోటో తీయించుకొనెను. లోకము నేటికిని డాలీ రొయ్యనే తలచును. ఆ రొయ్యను చెరిపివేయుడు. గౌను గౌనుగానే నిలుచును. ఆ గౌను కోతను చెరిపివేయుడు. రొయ్య వ్రాలుటకు చోటుండదు. అదే యేట జాన్ కాక్టో గీసిన ముఖములు ఆమె కోటుపై వెలసెను. ఆ గీతలను దారముగా మార్చినది లెసాజ్ బుటేదారీ కార్ఖానా. స్కియాపరెల్లీకి 1927లో తొలికీర్తి తెచ్చిన విల్లుముడి స్వెటరును అల్లినది అర్మీనియా నుండి వలసవచ్చిన ఒక స్త్రీ. పరదేశమున చేతిపనితో నిలదొక్కుకొనిన కుటుంబముల వారము గదా, ఆ అల్లికకత్తెను మనమైనను తలపవలదా?

ఆ యుగపు నిజమైన కళ కోతలో నున్నది. ఆ కళకు తల్లి మడలీన్ వియొన్నే. 1876లో ఫ్రాన్సున పేదయింట పుట్టి, పసితనముననే బడి మాని కుట్టుపనికి కుదిరినది. లండనులోను పారిస్‌లోను ఇతరుల దుకాణములలో సంవత్సరములకొలది పనిచేసి, 1912లో సొంత దుకాణము తెరచెను. యుద్ధముచే 1914లో మూసి, యుద్ధానంతరము మరల తెరచి, 1923లో మొంతేన్ వీథికి మార్చెను. ఆమె కాగితముపై బొమ్మలు గీయలేదు. సుమారు 80 సెంటిమీటర్ల కొయ్యబొమ్మను ముందుంచుకొని, దానిచుట్టు బట్టను వ్రేలాడదీసి, మడచి, సూదులు గ్రుచ్చి, కత్తిరించి రూపమును కనుగొనెడిది.

ఆమె రహస్యము మన నేతవారికి ఒక్క మాటలో తెలియును. బట్టను పడుగు వెంబడి లాగుడు, సాగదు. పేక వెంబడి లాగుడు, అంతగా సాగదు. ఐమూలగా, అనగా ఒక మూల నుండి ఎదుటి మూలకు లాగుడు, రబ్బరువలె సాగును. విడిచిన మరల దగ్గరకు వచ్చును. పడుగుపోగులును పేకపోగులును కలియుచోట నున్న చిన్నచిన్న చదరములు ఐమూల లాగుడునకు వాలిపోవుటయే దీనికి కారణము. ఆమెకు పూర్వమును ఐమూల కోత కలదు, కాని దానిని మెడపట్టీలకును అంచులకును మాత్రమే వాడుచుండిరి. వియొన్నే దుస్తునంతటిని ఐమూలగా వ్రేలాడునట్లు చేసెను. అపుడు బట్ట తనంతటతాను దేహమును అనుసరించి, సాగవలసినచోట సాగి, జారవలసినచోట జారును. గుండీలును కొక్కెములును లేకయే తలమీదుగా తొడుగుకొనదగిన గౌనులను ఆమె పెక్కు చేసెను. లోపల ఇనుప కవచముతో పని లేదు. మన దర్జీలు 'క్రాస్ కట్' అని పిలుచు రవిక కుట్టులో ఈ సూత్రమే కలదు.

1920కి కొంచెము ముందువెనుకలుగా ఆమె నాలుగు చదరపు క్రేపు ముక్కలతో ఒక గౌను చేసెను. ప్రతి ముక్కను మూల పట్టుకొని రుమాలువలె వ్రేలాడదీయగా బట్టయంతయు ఐమూలగా క్రిందికి జారినది. లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియమున ఇట్టి గౌను నేటికిని కలదు. బట్టను దాదాపు కోయకయే ఐమూల గుణమును రాబట్టిన ఈ లెక్కను ఏ చిత్రకారుడు ఆమెకు చెప్పెను? ఐమూల కోతకు మామూలు పన్నా చాలదు. కావున డ్యుఫీ నమూనాలు గీసిన ఆ బియాంకినీ ఫెరియే కంపెనీయే ఆమెకై చాల వెడల్పు పన్నాగల క్రేపును నేయించి యిచ్చెను. డ్యుఫీ గీసిన పూలను గూర్చి పుస్తకములు వచ్చినవి. పన్నాను పెంచిన మగ్గమును, ఆ మగ్గము ముందు నిలిచిన వానిని తలచు పుస్తకమేది?

1930 తరువాత ఈ కోత లోదుస్తులను పైదుస్తులను ఏకము చేసినది. లోన ధరించు పట్టు శమీజు ఎట్లు భుజముల నుండి సన్నని పట్టీలపై జారునో, సాయంకాలపు గౌనును అట్లే జారసాగెను. 1933లో వచ్చిన 'డిన్నర్ ఎట్ ఎయిట్' అను అమెరికా సినిమాలో జీన్ హార్లో ధరించిన తెల్లని శాటిన్ గౌను లోదుస్తువలెనే కనబడును. దానిని కల్పించినవాడు ఏడ్రియన్. సంప్రదాయవాదులు కండ్లు మూసికొనిరి. కాని జరిగినదేమి? అంతవరకు చాటుననుండి దేహమును శాసించిన లోదుస్తు, దేహమునకు లొంగి వెలుగులోనికి వచ్చినది.

ఇచట ఒక మాటను గూర్చి చెప్పవలెను. పట్టు కొనలేని స్త్రీలకు ఆ కాలమున కృత్రిమ పట్టు అందుబాటులోనికి వచ్చెను. కర్రగుజ్జు నుండి తీసిన ఆ నూలునకు అమెరికాలో 1924లో రేయాన్ అని పేరుపెట్టిరి. మన బజారులో దానినే 'ఆర్ట్ సిల్క్' అందురు. అది 'ఆర్టిఫిషియల్' అను మాటకు కురుచ రూపము. 'ఆర్ట్' అనగానే కళ యని మురియు మన అలవాటునకు ఈ పేరే ఒక గుణపాఠము. అయినను ఆ నకిలీ పట్టు ఫ్యాక్టరీ పిల్లకును, టైపు కొట్టు పిల్లకును మెత్తని శమీజును తొడిగినది. కళాప్రదర్శనలు చేయలేని మేలును అది చేసినది.

ఒక ఆక్షేపణ వినబడుచున్నది. వియొన్నే గౌనులు ధనవంతులకే గదా, పేదల పక్షమున వాదించు నీకు ఆమె ఏల యని అడుగవచ్చును. ఆమె ధనవంతులకు అమ్మిన మాట నిజము. కాని కుట్టినవారిని ఎట్లు చూచెనో చూడుడు. మొంతేన్ వీథి దుకాణమున సుమారు 1200 మంది పనిచేసిరి. వారికి వైద్యుడు, పంటివైద్యుడు, భోజనశాల, తల్లుల బిడ్డలకు శిశుశాల, జీతముతో కూడిన సెలవు ఆమె ఏర్పరచెను. ఫ్రాన్సున అందరు కార్మికులకును జీతముతో సెలవు చట్టమగుట 1936లో. చట్టము వచ్చుటకు ముందే ఈ కుట్టుపనికత్తె దానిని ఆచరించినది.

మరియొక విశేషము. ఆమె రూపములను దొంగిలించి నకళ్లు చేయువారు పెరుగగా వారిపై వ్యాజ్యము వేసెను. 1921 చివర పారిస్ న్యాయస్థానము ఆమె పక్షమున తీర్పుచెప్పి, కళాకృతులకు గల చట్టరక్షణ దుస్తుల రూపములకును చెల్లునని నిర్ణయించెను. ప్రతి గౌనును అద్దముల ముందు నిలిపి, అన్ని వైపులును కనబడునట్లు ఫోటోలు తీయించి ఆల్బములుగా కూర్చెను. అసలును గుర్తించుటకై గౌను లోపలి లేబులుపై తన బొటనవ్రేలి ముద్ర వేసెను.

ఈ వ్రేలిముద్ర మాట చదివినపుడు నా చేతి పని నాకు గుర్తునకు వచ్చినది. జీతముల దినమున చదువురాని నేతపనివాండ్ర బొటనవ్రేళ్లను సిరాలో అద్ది పద్దుపుస్తకమున ముద్రలు వేయించుట మా వంటి గుమాస్తాల పని. ఆ ముద్రను మనము అజ్ఞానమునకు గుర్తుగా చూచితిమి. పారిస్‌లో ఒక కుట్టుపనికత్తె అదే ముద్రను కర్తృత్వమునకు గుర్తుగా నిలిపెను. ఆ పుస్తకములలో ముద్రలు వేసిన చేతులు జకార్డు మగ్గములపై షోలాపురపు దుప్పట్లను నేసిన చేతులు. దుప్పటిపై మిల్లు పేరుండును. నేసినవాని ముద్ర జీతపు పద్దులో తప్ప మరెచ్చటను లేదు.

చిత్రకారుల పక్షమువారు చివరకు ఇట్లు వాదింతురు: "వియొన్నేయు గ్రీకు శిల్పములను, జపాను కిమోనోలను చూచి నేర్చినదే గదా! ఆమె దుకాణపు చిహ్నమును 1919లో గీసినవాడు తయాత్ అను ఇటలీ చిత్రకారుడు గదా!" నిజమే. కాని ఆమె గ్రీకుశిల్పమున చూచినదేమి? కోయని బట్ట భుజము నుండి ఎట్లు వ్రేలాడునో చూచినది. కిమోనోలో చూచినదేమి? నేరుగా కోసిన ముక్కలు దేహమును నొక్కక ఎట్లు చుట్టుకొనునో చూచినది. ఆమె గురువు బట్ట. శిల్పము ఆ బట్టను భద్రపరచిన సాక్షి మాత్రమే. స్కియాపరెల్లీ 1935లో కపుర్తలా రాణి కరమ్ చీరలను చూచి ముచ్చటపడి చీరకట్టు గౌనులను ప్రదర్శించెను. పత్రికలు రాణిని పొగడెను, స్కియాపరెల్లీని పొగడెను. అట్టి చీరలను మగ్గముపై నేయు చేతులు వారికి గుర్తునకు రాలేదు.

కళ స్త్రీదేహమునకు ఎల్లప్పుడును మిత్రము కాదనుటకు 1939 సాక్షి. ఆ యేట వియొన్నే తన దుకాణమును శాశ్వతముగా మూసివేసెను. ఆ యేటనే, యుద్ధము ముంగిట నిలిచినపుడు, హోర్స్ట్ అను ఫోటోగ్రాఫరు పారిస్‌లో ఒక చిత్రము తీసెను. ఒక స్త్రీ వెనుదిరిగి కూర్చున్నది. ఆమె మేనిపై త్రాళ్లు సడలిన కార్సెట్టు. అది మెయిన్‌బోషే అను దుస్తుల నిర్మాత చేసినది. వెలుగునీడల పొందికలో ఆ చిత్రమునకు సాటి తక్కువ. దానిని గొప్ప కళ యని లోకము నేటికిని కొనియాడును. నేనును కాదనను. కాని అందున్న వస్తువు స్త్రీ వదిలించుకొనిన చెర. 1947లో క్రిస్టియన్ డియోర్ సన్నని నడుమును మరల తెచ్చినపుడు ఆ చెరయు కొంత తిరిగి వచ్చినది. కెమెరాయు కుంచెయు చెరను అందముగా చూపగలవు. చెరను విప్పుట కత్తెర పని.

వియొన్నే 1952లో తన గౌనులను, ఆల్బములను ఫ్రాన్సు దుస్తులకళా సంస్థకు దానము చేసెను. 1975లో మరణించెను. 2009లో పారిస్ అలంకారకళల మ్యూజియము ఆమె పనిని ఘనముగా ప్రదర్శించినది. ఆలస్యముగానైనను కత్తెరకు గద్దె దొరకినందులకు సంతోషము. కాని కత్తెరలలో ఒకదానికే దొరకినది. ఆమెతో కూడ కుట్టిన సుమారు 1200 మందిలో ఎందరి పేర్లు లోకమునకు తెలియును?

పారిస్ సంగతి పారిస్ వారు చూచుకొందురు. మన సంగతి మనము చూచుకొనవలెను. నేడు మన పెండ్లిండ్లలో మగ్గము పని రవికలకు వేలకొలది రూపాయలు పోయుచున్నారు. బొటిక్ పేరు అందరి నోటను నానును. రాత్రింబవళ్లు చట్రముపై వంగి కండ్లు పోగొట్టుకొనువాని పేరు పెండ్లికూతురునకు కూడ తెలియదు. మన వంటి సంఘములు ఉత్సవములలో చీరల ప్రదర్శనలు పెట్టి, అమ్మిన అంగడికి శాలువ కప్పుచున్నవి. ఇది చాలించవలెను. ప్రదర్శనలో నుంచు ప్రతి చీర క్రిందను నేసినవాని పేరును, ప్రతి రవిక క్రిందను కోసినవాని పేరును, కుట్టినవాని పేరును స్పష్టమైన తెలుగు అక్షరములతో వ్రాసి యుంచవలెనని సంఘ కార్యవర్గమును కోరుచున్నాను. పేరు వ్రాయలేనివాడున్నచో అతని బొటనవ్రేలి ముద్రనైనను గౌరవముతో అచట వేయించుడు. ఆ పనికి సిరాపెట్టె పట్టుకొని నిలుచుటకు నేను సిద్ధము.